ఆ ఏడు మేం భోగిమంట వెయ్యలేదు

ఇలా రండర్రా, గాలికి ఎదురుగా కూకోకండి, పొగ మింగుతారు. ఒరేయ్ చిన్నోడా, ఆ కొబ్బరి డొక్కలు రెండు లోపలికి తొయ్యి. మీకు భోగి అంటే ఫోన్లో ఫొటో. నాకు మాత్రం మంట చూసినప్పుడల్లా 1995 గుర్తొస్తాది.

ఆ ఏడు పండక్కి ఐదారు రోజుల ముందు, జనవరి 8న, పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ వాళ్ల 19వ నంబరు గ్యాసు బావి ఎగదన్ని అంటుకుంది. బ్లోఅవుట్ అనే మాట మేం అప్పుడే విన్నాం. మీ తాతమ్మ పోయేదాకా దాన్ని ‘బోలవుట్’ అనే అంది. మీ నాయనమ్మనీ పిల్లల్నీ ఏరు దాటించి బోడసకుర్రులో చుట్టాలింట్లో దింపొచ్చాను. అప్పటికి వంతెన లేదుగా, పంటు మీదే. రాత్రి రేవులో నిలబడి చూస్తే వైనతేయ ఏటి నీళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఆ హోరు చెప్తే మీకు తెలీదురా. రైలొచ్చి, దాటిపోకుండా మన పెరట్లోనే ఉండిపోతే ఎలాగుంటాదో అలాగ. కోనసీమోణ్ణి, నేను రైలు పోలిక చెప్తున్నాను చూడండి, మనకి రైలే లేదాయె!

వీధి దీపాలతో పని లేదు. కోళ్లకి ఎప్పుడు తెల్లారిందో తెలీక నడిరాత్రి కూసేవి. దగ్గర ఊళ్లు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి మంటలార్పేవాళ్లు వచ్చారు. 65 రోజులు మండి మండి, మార్చి 15కి గానీ ఆరలేదు. మా వీధిలో ఆ భోగికి ఎవరూ మంట వెయ్యలేదు. అగ్గిపుల్ల గీయాలంటేనే గుండె దడ. మీ నాన్న అప్పుడు పిల్లోడు, అంత మంట అక్కడుండగా మన మంట ఎందుకులే అన్నాడు.

సరే, అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ 65 రోజులూ మేం అడిగిన ప్రశ్న ఒక్కటే, ‘ఎప్పుడారుద్దండీ?’ అని. ఎవర్ని అడిగాం? జీపులోంచి ఎవరు దిగితే వాళ్లని. నేనైతే జీపు డ్రైవర్ని కూడా అడిగాను. పాపం, ఆయనా ఆకాశంలోకే చూశాడు. ఎందుకు పేలింది, మన పొలాల కింద ఇంకా ఎన్ని గొట్టాలున్నాయి, రేపు మళ్లీ అయితే ఎటు పరిగెత్తాలి, ఇవేవీ మాకు తట్టలేదు. తట్టినా, పదిమందీ కలిసి కాయితం మీద పెట్టి, ఇచ్చినట్టు రసీదు పుచ్చుకోవాలని ఎవడికి తెలుసు?

చదువు లేక కాదర్రా. నాకు చదువుంది. అదెలా వచ్చిందో తెలుసా? మా నాన్న పాలేరు. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు ‘పాలేరు’ అని నాటకం రాశారు. పాలేరు కుర్రోడు చదువుకుని పెద్ద ఆఫీసరవుతాడు అందులో. ఆ నాటకం చూసి పిల్లల్ని బళ్లో వేసిన పాలేర్లు ఎంతమందో. మా నాన్న ఒకడు. రాత్రి నాటకం చూసొచ్చి, తెల్లారగానే గేదెల వెనకున్న నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లి మేస్టారి ముందు నిలబెట్టాడు. గేదెల్ని ఎవడు తోల్తాడని కామందు అరిచాడు. ‘నేనే తోల్తానండీ, ఆయ్’ అన్నాడంట మా నాన్న. రెండేళ్లు రెండు పన్లూ తనే చేశాడు.

అలా అక్షరాలొచ్చాయి నాకు. అడగడం మాత్రం బళ్లో నేర్పలేదు. అక్కడ ప్రశ్న వేసేది మేస్టారు, చేతులు కట్టుకుని జవాబు చెప్పేది మనం.

అది నేర్చుకునేసరికి నా జుట్టు నెరిసింది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకొచ్చింది. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లోనే. ఆ ముక్క నేను రెండుసార్లు చదువుకున్నాను, నమ్మబుద్ధి కాక. ముందుగా ఓ పంచాయతీలో బోరింగు మరమ్మతు బిల్లు అడిగాను. వారం తిరక్కుండా బోరింగు బాగయింది. బిల్లు మాత్రం ఇవాళ్టికీ రాలేదు!

నవ్వండి, నవ్వండి. ఆ తర్వాతిదానికి నవ్వురాదు. 2014 జూన్ 27న నగరం ఊళ్లో గ్యాసు గొట్టం పేలింది. ఇదే మండలం. ఆ బావీ, ఈ గొట్టమూ, భీమన్న గారి ఊరూ అన్నీ మామిడికుదురు మండలమే. గ్యాసు వాసనొస్తోందని జనం ముందునుంచీ చెప్తూనే ఉన్నారు. నోటితో చెప్పారు. తెల్లారకుండా టీకొట్టులో పొయ్యి వెలిగించారు, అంతే. ఇరవై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నోళ్లు కూడా. కొబ్బరిచెట్లు నిలువునా మాడి మొండాలై నిలబడ్డాయి. పొడి గ్యాసు కోసం వేసిన గెయిల్ గొట్టంలో తడి గ్యాసు పంపారని, లోపల తుప్పు తినేసిందని ఆనక విచారణలో తేలింది. పోయినోళ్ల కుటుంబాలకి లక్షలు ప్రకటించారు. మరి ఆ తుప్పు సంగతి ముందు రోజు మనకెవరు చెప్పాలి?

ఆ తర్వాత మనోళ్లు మారారులే. రాజోలు వైపు నుంచి ఒకాయన హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి కూకున్నాడు, 2022లో ఓఎన్‌జీసీకి 22 కోట్ల పైన జరిమానా పడింది. నా కేసు అంత పెద్దది కాదు. మన దొడ్డి పక్కన గొట్టం ఎటు పోతోంది, ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఈ రెండూ రాసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, ఇది ప్రాణాల సంగతి, 48 గంటల్లో చెప్పండి అని ఓ ఆఫీసుకి పంపాను. 41వ రోజున కవరొచ్చింది. భద్రతా కారణాల వల్ల చెప్పలేమంట. ఎవరి భద్రతో రాయలేదు. అప్పీలు పెట్టాను, దానికి ఉలుకూ పలుకూ లేదు.

ఆ కవరు ట్రంకుపెట్టెలో ఉంది. చెదలు పడతాయి, పారెయ్యమంటది మీ నాయనమ్మ. మా నాన్న వేలిముద్రలేసిన ప్రోనోట్లున్నాయే, వాటి పక్కనే పెట్టాను. ఏమే అమ్మడూ, నీ రాత గుండ్రంగా ఉంటాదిగా, పండగెళ్లాక ఓ పూట నా దగ్గర కూకో. ముందు ఆ మట్టందుకో, మంట పడిపోతంది.