కండెకు పట్టు దొరికిన ఊరు

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు నైరుతిగా ముప్పై మైళ్ల పైచిలుకు దూరంలో, మిల్ నది ఒడ్డున ఉంది మా హోప్‌డేల్. జనాభా ఆరు వేలు. ఒక చెరువు, చెరువు చుట్టూ అడవి దారి, ఒకే అచ్చున కట్టిన జంట ఇళ్ల వరసలు, రాతి గ్రంథాలయం, టౌన్ హాలు. ఊరి నడిబొడ్డున మాత్రం పెద్ద ఖాళీ స్థలం. డ్రేపర్ కంపెనీ కర్మాగారం ఉండిన చోటది. 2020లో దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. ఒకప్పుడు అమెరికాలోని బట్టల మిల్లులకు మరమగ్గాలు ఎక్కువగా వెళ్లింది ఇక్కడి నుంచే.

ఇక్కడి పెద్దవాళ్లను కదిపితే మగ్గాల గురించే చెబుతారు. వాళ్ల తాతలు, తండ్రులు పోతపనిలోనో మగ్గాల బిగింపులోనో పనిచేసినవాళ్లు కాబట్టి అది సహజం. నేను మాత్రం కదురు గురించి రాయాలనుకున్నాను. ఈ ఊరికి పెద్ద డబ్బు మగ్గం కంటే ముందు కదురు నుంచే వచ్చింది. తిరిగే కండెను ఎక్కడ పట్టుకోవాలి అన్న ఒక్క ప్రశ్నకు దొరికిన జవాబు ఈ ఊరి తలరాతను మార్చింది.

ఊరి మొదలు మాత్రం వేరు. ఏడిన్ బాలూ అనే క్రైస్తవ బోధకుడు తన అనుచరులతో ఇక్కడి పాత పొలం ఒకటి కొని 1842లో కాపురం పెట్టాడు. యుద్ధం వద్దు, బానిసత్వం వద్దు, మద్యం వద్దు, ఆడవాళ్లకు సమాన హక్కు, ఆస్తి ఉమ్మడి వాటాల్లో ఉండాలి. ఇవీ వాళ్ల నియమాలు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఇక్కడికి వచ్చి ప్రసంగించాడు. చెడుకు చెడుతో ఎదురు నిలవకూడదని బాలూ రాసిన రాతలు చాలా ఏళ్ల తర్వాత టాల్‌స్టాయ్ చేతికి అందాయి. ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. దేవుడి రాజ్యం మనలోనే ఉందని టాల్‌స్టాయ్ రాసిన పుస్తకంలో బాలూ ప్రస్తావన ఉంది. ఆ పుస్తకమే దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీని కదిలించింది. మా ఊరికీ మన దేశానికీ ఇంత దగ్గరి దారి ఉందని ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ ఉమ్మడి సమాజంలో ఎబెనీజర్, జార్జ్ డ్రేపర్ అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ల నాన్న ఐరా డ్రేపర్ 1816లో, నేస్తున్న బట్ట అంచులు లోపలికి లాగుకుపోకుండా వెడల్పు పట్టి ఉంచే ఒక సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ సాధనం తయారీయే ఊళ్లో లాభమొచ్చే పని. 1856 నాటికి సమాజం వాటాల్లో మూడొంతులకు పైగా అన్నదమ్ముల చేతిలోనే ఉన్నాయి. లెక్కల్లో లోటు కనబడగానే తమ వాటాలు వెనక్కి తీసుకున్నారు. అప్పులు తీర్చే బాధ్యత తలకెత్తుకుని ఆస్తినీ తమ చేతికి తెచ్చుకున్నారు. బాలూ కల అక్కడితో ముగిసింది. అన్నదమ్ములు చట్టం తప్పలేదు. కానీ నమ్మి వచ్చిన కుటుంబాలకు మాత్రం అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. బాలూ ఊరు వదిలిపెట్టకుండా ఇక్కడే బోధకుడిగా ఉండి 1890లో కన్నుమూశాడు.

ఇక కదురు దగ్గరికి వస్తాను.

మాది చీరాల పక్క చేనేత కుటుంబం. మా నాయనమ్మ రాట్నం మీద పేక కండెలు చుట్టేది. కదురుకు రెండు చోట్ల పట్టు ఉండేది. ఆ పట్టు దాటి బయటికి వచ్చిన మొన మీద కండె బిగించేది. కండె కాస్త వంకరగా ఉన్నా, నూలు ఒక పక్కకు ఎక్కువ చుట్టుకున్నా, మొన అదిరేది, దారం తెగేది. అప్పుడామె చక్రం నెమ్మదిగా తిప్పేది. చేత్తో తిప్పేవాళ్లు అలా వేగం తగ్గించుకోగలరు. ఆవిరితోనో నీటితోనో తిరిగే మిల్లులో వందల కదుళ్లు ఒకే పట్టీ వేగానికి కట్టుబడి ఉంటాయి. అక్కడ అదురును తట్టుకునే దారి యంత్రంలోనే ఉండాలి.

మిల్లుల్లో నూలు వడికే రింగు పద్ధతి పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. మాకు దక్షిణాన ఉన్న ప్రావిడెన్స్‌లో జాన్ థార్ప్ 1828లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నిలువుగా నిలబడ్డ కదురు, దాని చుట్టూ ఉక్కు రింగు, రింగు అంచు మీద పరుగెత్తే చిన్న కొక్కెం. ఆ కొక్కేన్ని ట్రావెలర్ అంటారు. కదురు తిరుగుతుంటే ట్రావెలర్ వెనకబడుతూ తిరుగుతుంది. నూలుకు పురి పడేది, కండె మీద చుట్టుకునేది ఏకకాలంలో. పాత మ్యూల్ యంత్రం పురి వేసేటప్పుడు చుట్టదు, చుట్టేటప్పుడు పురి వేయదు. రింగుకు ఆ ఆగడం లేదు. అయినా నలభై ఏళ్లపాటు రింగు ఫ్రేము పూర్తి సత్తా చూపలేదు. కదురే దాన్ని వెనక్కి లాగింది.

పాత కదురు పొడవాటి, బరువైన ఉక్కు కడ్డీ. అడుగు మొన ఒక గుంటలో నిలబడుతుంది. కొంచెం పైన ఇంకో పట్టు, బోల్‌స్టర్. ఈ రెండు పట్లూ వేర్వేరు అడ్డపట్టాల మీద ఉండేవి కాబట్టి రెండింటినీ ఒకే గీతలో నిలపడమే పెద్ద పని. కండె పై పట్టుకు కూడా పైన, గాలిలో ఉండేది. బరువంతా ఒకచోట, పట్టు మరోచోట. నిమిషానికి ఐదు వేల చుట్లు దాటితే కదురు తల ఊగిపోయేది. ఊగకుండా ఉండాలని కడ్డీని ఇంకా లావు చేసేవారు. లావైతే ఎక్కువ శక్తి కావాలి. మిల్లు నడిపే బలంలో చాలా భాగం నూలుకు కాక బరువైన ఇనుము తిప్పడానికే ఖర్చయిపోయేది.

ఈ రాష్ట్రంలోనే ఉన్న లోవెల్‌లో మిల్లు నడిపిన సాయర్ అనే ఆయన 1871లో తీసుకున్న పేటెంటులో ఉన్నది చాలా సూటి ఆలోచన. కండె పట్టు దగ్గరికి రాకపోతే పట్టునే కండె దగ్గరికి తీసుకెళ్లాలి. కండె కింది భాగాన్ని లోపల బోలుగా తొలిచాడు. బోల్‌స్టర్‌ను గొట్టంలా పైకి పెంచి ఆ బోలులోకి దూర్చాడు. ఇప్పుడు పట్టు కండె కడుపులో ఉంది. బరువు ఎక్కడుందో ఆధారం అక్కడికే వచ్చింది. కడ్డీని సన్నగా, పొట్టిగా చేయడానికి వీలైంది. వేగం సుమారు ఏడున్నర వేలకు పెరిగింది, బలం ఖర్చు తగ్గింది. ఆ పేటెంటు విలువ పట్టుకున్నవాడు జార్జ్ డ్రేపర్. హక్కులు హోప్‌డేల్‌కు వచ్చాయి.

దాన్ని మించినది ఫ్రాన్సిస్ రాబెత్ కదురు. 1870ల చివర్లో వచ్చిన దీని గొప్పదనం నాకు తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే. అంతవరకు అందరూ కదురును ఇంకా గట్టిగా ఎలా బిగించాలా అని చూశారు. రాబెత్ వదులు చేశాడు. అడుగు గుంటనూ పై పట్టునూ ఒకే గొట్టంలో పెట్టి, ఆ గొట్టాన్ని ఒకే అడ్డపట్టాకు బిగించాడు. లోపలి బోల్‌స్టర్ చుట్టూ కాస్త జాగా ఉంచి ఉన్ని నూలు చుట్టాడు. కండె బరువు ఒక పక్కకు ఒరిగితే కదురు ఆ మెత్తదనంలో కొద్దిగా జరిగి తన నడిమధ్యను తానే వెతుక్కుంటుంది, బొంగరం తిరుగుతూ తిరుగుతూ నిలకడకు వచ్చినట్టు. పట్టీ లాగే చక్రాన్ని బోల్‌స్టర్ మీదికే టోపీలా దించాడు కాబట్టి లాగుడు సరిగ్గా పట్టు ఉన్నచోటే పడుతుంది. గొట్టం నిండా నూనె. అంతకుముందు పదే పదే నూనె వేయాలి, అది చింది నూలు మీద మరకలు పడేవి. ఇప్పుడు ఒకసారి పోస్తే వారాల తరబడి చాలు. మిల్లుల్లో వేగం పదివేల చుట్లకు చేరింది.

పదేళ్లు తిరగకముందే ఒక్కో కదురు ఇచ్చే నూలు దాదాపు రెట్టింపయింది. భవనం అదే, రింగు అదే. మారింది కండెను పట్టుకునే తీరు. కదుళ్ల పేటెంట్ల కోసం డ్రేపర్లు ఒక ప్రత్యేక కంపెనీ పెట్టి కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సొమ్ముతోనే ఫౌండ్రీ పెరిగింది, చెరువు పక్కన వీధులు వెలిశాయి. 1886లో హోప్‌డేల్ పక్కనున్న మిల్‌ఫర్డ్ నుంచి విడిపోయి సొంత పట్టణమైంది.

ఈ కదుళ్ల సంగతి మన దేశానికి ఇంగ్లండులోని లాంకషైర్ కంటే ముందే పూర్తిగా అర్థమైంది. నాగపూర్‌లో జంషెడ్‌జీ టాటా 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. 1880ల్లో రింగు కదుళ్లను అక్కడ పరీక్షించి, లాభం చూసి, మ్యూళ్లను పక్కనపెట్టాడు. అప్పటికి లాంకషైర్ దొరలు మ్యూలునే నమ్ముకుని ఉన్నారు. తర్వాత బొంబాయి, షోలాపూర్ మిల్లుల్లో రింగు ఫ్రేముల హోరు మామూలైంది. తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి మగ్గం వదిలి బతకడానికి పోయిన పద్మశాలీలు పనిచేసింది అలాంటి మిల్లుల్లోనే.

కదురు తర్వాత, మగ్గంలో పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె వంతు. పాత నాడెలో ఒక పుల్ల ఉండేది. నేతగత్తె ఆ పుల్లను పైకి లేపి, దానికి కండె గుచ్చి, నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగేది. ఆ అలవాటు వల్ల ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. ఇంగ్లండులోని కీత్లీ నుంచి వచ్చి డ్రేపర్ దగ్గర చేరిన జేమ్స్ నార్త్‌రప్ ఆ పుల్లనే తీసేశాడు. కండె మొదట్లో ఉక్కు ఉంగరాలు తొడిగాడు. నాడె లోపల వాటిని గట్టిగా పట్టే స్ప్రింగు దవడలు పెట్టాడు. పైనుంచి కొత్త కండెను ఒక్క దెబ్బ కొడితే పాతది కిందికి జారిపోయి కొత్తది దవడల్లో కూర్చుంటుంది. మగ్గం ఆగదు, దారం తనంత తానే కంటిలోకి ఎక్కుతుంది. 1894లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లోని క్వీన్ సిటీ మిల్లు 792 మగ్గాలు కొన్నది. ఇక్కడా కీలకం కండెను పట్టే చోటే. మగ్గాల చరిత్ర రాసేవాళ్లు పైన తిరిగే కండెల పీపా గురించి పేజీలు రాసి, ఆ చిన్న దవడల గురించి ఒక వాక్యంతో సరిపెట్టడం నాకు నచ్చదు.

లాభం ఎవరికి పోయిందో కూడా రాయాలి. ఎనిమిది మగ్గాలు చూసే నేతగత్తె పదహారు, ఇరవై నాలుగు చూడాల్సి వచ్చింది. కదురు వేగం పెరిగితే కండెలు త్వరగా నిండుతాయి, నిండినవి తీసి ఖాళీవి పెట్టే పిల్లలకు విరామం తగ్గుతుంది. మా ఊళ్లో డ్రేపర్లు కట్టిన జంట ఇళ్లకు పారిస్ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఇళ్లు నిజంగానే బాగుంటాయి. కానీ ఇల్లూ, ఉద్యోగమూ ఒకరి చేతిలోనే. 1913 ఏప్రిల్‌లో తొమ్మిది గంటల పనిదినం, కూలి పెంపు అడుగుతూ కార్మికులు సమ్మె చేశారు. వాళ్లలో ఎక్కువమంది మిల్‌ఫర్డ్‌లో ఉండే ఇటలీవాళ్లు. అంతకు రెండేళ్ల ముందు వరకు రాష్ట్ర గవర్నరుగా ఉన్న ఎబెన్ డ్రేపర్ మాట్లాడటానికే ఒప్పుకోలేదు. ఏప్రిల్ 24న ఎమీలియో బక్కియోక్కి అనే కార్మికుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తర్వాతి కాలంలో వాన్జెట్టితో పాటు మరణశిక్షకు గురైన నికోలా సాకో, అప్పుడు మిల్‌ఫర్డ్‌లో చెప్పుల కర్మాగారంలో పనిచేస్తూ ఈ సమ్మెకారులతో నిలబడ్డాడు. సమ్మె ఓడిపోయింది. అహింసను నమ్మిన బాలూ స్థాపించిన ఊళ్లో జరిగిన ఆ హత్యను మరిచిపోకూడదు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పొచ్చు. నాడె లేని మగ్గాలు స్విట్జర్లాండ్ నుంచి రావడం మొదలైంది. నాడెలోని కండెను పట్టడంలో ఆరితేరిన కంపెనీకి నాడే లేని రోజులు కలిసిరాలేదు. 1967లో రాక్‌వెల్ అనే సంస్థ చేతికి పోయింది. తర్వాత కొన్నేళ్లకు తలుపులు మూశారు.

కదురు మాత్రం బతికే ఉంది. ఇప్పటి మిల్లుల్లో రోలర్ బేరింగుల మీద నిమిషానికి ఇరవై వేలు దాటి తిరిగే కదుళ్లున్నాయి. పట్టు కండె లోపల ఉండాలి, కదురు తన మధ్యను తాను వెతుక్కునే వీలుండాలి అన్న రెండు సూత్రాలూ అవే. ఫ్రేము పైన ఏకు కండెలు ఒకప్పుడు కర్రపుల్లల మీద నిలబడేవి. ఇప్పుడు బేరింగు ఉన్న కొక్కేలకు వేలాడుతున్నాయి. దారం మీద లాగుడు తగ్గి అది తెగడం తగ్గింది.

గాంధీ కూడా మంచి కదురు కావాలనే కోరుకున్నాడు. మెరుగైన చరఖా చేసినవారికి 1929లో అఖిల భారత చరఖా సంఘం లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. అప్పట్లో అది ఎవరికీ దక్కలేదు. తర్వాత తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ చేసిన అంబర్ చరఖాలో ఉన్నవి నిలువు కదుళ్లు, రింగు, ట్రావెలర్. ప్రావిడెన్స్‌లో పుట్టిన పద్ధతి చేతిపనికి కూడా ఉపయోగపడింది. యంత్రం మెరుగుపడటం తప్పు కాదు. మెరుగుదల ఫలం ఎవరికి దక్కాలన్నదే బాలూ, గాంధీ ఇద్దరూ అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఈ ఊరు సరైన జవాబు ఇవ్వలేకపోయిందనే నా తీర్పు.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు ఆష్లండ్‌లోని లక్ష్మీదేవి గుడికి వస్తూనే ఉంటాయి. అక్కడి నుంచి మా ఊరు కారులో అరగంట. చెరువు కట్ట దగ్గర లిటిల్ రెడ్ షాప్ అని చిన్న ఎర్ర కట్టడం ఉంది. బాలూ కాలం నాటిది, ఇప్పుడు అందులో డ్రేపర్ మగ్గాలు ఉన్నాయి. తెరిచి ఉండే రోజు కనుక్కుని పిల్లలను తీసుకురండి. మగ్గం చూశాక నాడెలోకి ఒకసారి తొంగిచూడమని చెప్పండి. మీ ఇళ్లలో, అక్కడ మన ఊళ్లలో, పాత కదుళ్లో కండెలో నాడెలో మిగిలి ఉంటే పారేయకండి. వాటితో పనిచేసిన పెద్దవాళ్లు ఉండగానే ఏది ఎలా పనిచేసేదో అడిగి రాసిపెట్టుకోండి.