బార్లో కటకం నుంచి టెలికన్వర్టర్ దాకా

పక్షుల ఛాయాచిత్రాలపై మక్కువ గల మిత్రులు నలుగురు కలిస్తే ఒక చర్చ తప్పక లేస్తుంది. టెలిఫోటో కటకానికీ కెమెరాకూ నడుమ అమర్చే టెలికన్వర్టర్ 1.4 రెట్లది కొనడం మేలా, 2 రెట్లది మేలా? ఛందస్సు చెప్పుకొని బతికినవాడికి కటకాలతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. గురులఘువులు లెక్కించడం అలవాటైనవాడికి ఈ లెక్కా రుచిస్తుంది. పైగా దీని మూలం 1830ల నాటి ఖగోళశాస్త్రంలో ఉంది.

పీటర్ బార్లో ఇంగ్లండులోని ఊలిచ్ సైనిక విద్యాలయంలో గణితోపాధ్యాయుడు. 1 నుంచి 10,000 వరకు గల సంఖ్యలకు వర్గాలు, ఘనాలు, వర్గమూలాలు కట్టి 1814లో అతడు ప్రకటించిన పట్టికలు వందేళ్ళకు పైగా గణకుల చేతుల్లో నలిగాయి. ఓడలలోని ఇనుము వల్ల దిక్సూచికి కలిగే దోషాన్ని సవరించే ఉపాయం చెప్పినందుకు 1825లో రాయల్ సొసైటీవారి కాప్లీ పతకం పొందాడు. ఆ తరువాత అతని దృష్టి దుర్భిణి వైపు మళ్ళింది. అతని ఆలోచన ననుసరించి జార్జ్ డాలండ్ అనే శిల్పి, రంగుల అంచులు కనబడకుండా సవరించిన ఒక పుటాకార కటకాన్ని తయారుచేసి, 1834లో దాని వివరాన్ని రాయల్ సొసైటీకి సమర్పించాడు.

ఆ కటకం అవసరం ఎందుకు కలిగిందో తెలుసుకోవడం ముఖ్యం. జంట నక్షత్రాల ఎడం కొలిచేవారు దుర్భిణిలో అతి సన్నని తీగలు బిగించిన సూక్ష్మమాపకం వాడేవారు. శక్తి ఎక్కువ గల అక్షి కటకం పెడితే చుక్కతోపాటు తీగ కూడా లావుగా కనిపించి కొలతకు అడ్డు వచ్చేది. బార్లో కటకం తీగకు ముందు నిలిచి బింబాన్ని మాత్రమే పెంచుతుంది. తీగ మునుపటి సన్నదనంతోనే ఉంటుంది. విలియం రటర్ డాస్ అనే జ్యోతిర్విదుడు దీనితో జంట నక్షత్రాలను కొలిచి చూశాడు.

నాకు మొత్తం చరిత్రలో ఈ తీగ ముచ్చటే అత్యంత ప్రియమైనది. ఎందుకంటే ఫిల్ము కాలంలో వెండి రేణువు, ఈనాడు సెన్సారులోని పిక్సెలు ఆ తీగ స్థానంలోనే ఉన్నాయి. టెలికన్వర్టర్ బింబాన్ని పెంచుతుంది, పిక్సెలును పెంచదు. కనుక కటకం గీసే వివరం పిక్సెలు కంటె సూక్ష్మమైనప్పుడే దానివల్ల లాభం. కటకమే మందకొడిదైతే కన్వర్టర్ ఆ మందత్వాన్ని పెద్దది చేసి చూపుతుంది. అటువంటప్పుడు తీసిన బొమ్మను తరువాత కత్తిరించుకున్నా అదే ఫలం.

ఛాయాగ్రహణంలోకి ఈ ఉపాయం 1891లో వచ్చింది. లండనులో థామస్ డాల్‌మెయర్, మ్యూనిక్‌లో అడాల్ఫ్ స్టైన్‌హైల్, బెర్లిన్‌లో అడాల్ఫ్ మీతె ఎవరికివారే టెలిఫోటో కటకం రూపొందించారు. ఆనాటి వాటిలో పలు పరికరాలు మామూలు కుంభాకార కటకం వెనుక తగిలించే పుటాకార జతలే. అంటే మన టెలికన్వర్టర్‌కు ముత్తాతలన్నమాట! అవి ఎంత పెంచితే ఆ సంఖ్య వర్గమంత కాలం వెలుగు పట్టాలి. ఎనిమిది రెట్లు పెంచితే అరవై నాలుగు రెట్లు. నిశ్చలంగా ఉండే కొండకు, గోపురానికి అది చెల్లుతుంది. ఎగిరే కొంగకు చెల్లదు.

ఆ లెక్క ఇప్పటికీ మారలేదు. 1.4 అనేది 2 వర్గమూలం, బార్లో పట్టికలో తొలి పుటలోనిదే. దాని వర్గం 2 కనుక వెలుగు సగమవుతుంది. 2 రెట్లదానితో నాలుగో వంతు మిగులుతుంది. 300 మి.మీ. ఎఫ్/2.8 కటకం మొదటిదానితో 420 మి.మీ. ఎఫ్/4, రెండోదానితో 600 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది. ఇది సహించదగినదే. 400 మి.మీ. ఎఫ్/5.6 కటకానికి 2 రెట్లది తగిలిస్తే 800 మి.మీ. ఎఫ్/11! అద్దం గల కెమెరాలు పెక్కు ఎఫ్/5.6 దాటితే స్వయంగా ఫోకస్ చేయలేకపోయేవి. ఉత్తమ శ్రేణివి ఎఫ్/8 దాకా వెళ్ళాయి. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 వంటి అద్దం లేని కెమెరాలతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. పోయిన వెలుగు మాత్రం తిరిగి రాలేదు. కెనాన్ తన కన్వర్టర్ల ముందు భాగాన్ని ముందుకు పొడుచుకువచ్చేట్టు చేసింది కాబట్టి అవి ఎంపిక చేసిన కటకాలకే ఇముడుతాయి. కొనేముందు కటకం పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవలసిందే.

కన్వర్టర్‌ను కటకంలోపలే అమర్చి ఒక మీటతో దించే ఏర్పాటు కెనాన్ 200–400లో 2013లోను, నికాన్ 180–400లో 2018లోను వచ్చింది. 2022లో నికాన్ తన 400 ఎఫ్/2.8కు, 600 ఎఫ్/4కు కూడా అదే చేసింది. నాలుగింటిలోను పెట్టింది 1.4 రెట్లదే. తయారీదారుల మొగ్గు ఎటో ఇంతకంటె స్పష్టంగా తెలియనక్కరలేదు.

కటకం, వెలుగు కాక మూడోది గాలి. మన పులికాట్ సరస్సు ఒడ్డున పొద్దెక్కాక నేల వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంటే, ఎంతటి కటకమైనా రాజహంసల కాళ్ళను వంకరగానే గీస్తుంది. 2 రెట్ల కన్వర్టర్ ఆ వంకరను రెట్టింపు చేస్తుంది. తెల్లవారేసరికి అక్కడికి చేరగలిగినవారు 1.4 రెట్లది పెట్టుకొని, మిగిలిన దూరాన్ని గట్టు వెంట నాలుగడుగులు నడిచి తగ్గించుకోవచ్చు, పక్షులు బెదరనంత వరకు.