ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు

కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు విననివాఁ డాంధ్రదేశమున నుండఁడు. వితంతువివాహములను జరిపించిన సంస్కర్త యని కొందఱును, గద్యతిక్కన యని కొందఱును, ఆంధ్రకవులచరిత్రమును రచించిన పరిశోధకుఁ డని మఱికొందఱును వారిని గొనియాడుదురు. మన వ్రాఁతలలో నీ మువ్వురును వేర్వేఱు పురుషులైనట్లు గానవచ్చుచున్నారు. సంస్కర్తను బ్రశంసించువారు కవిచరిత్రకారుని దలఁపరు. కవిచరిత్రమును విమర్శించువారు బడిపంతులను మఱతురు. ఈ కార్యముల కన్నిటికిని మూల మొక్కటియే యనియు, ఆ మూలము ధవళేశ్వరమున వారు గడపిన రమారమి రెండు సంవత్సరములలోఁ గానవచ్చు ననియు నా యభిప్రాయము. దానిని నిరూపించుటకే యీ వ్యాసము.

ధవళేశ్వరము రాజమహేంద్రవరమునకు దక్షిణమున, గోదావరి పాయలుగాఁ జీలుచోట నున్న చిన్నపట్టణము. 1847లో ఆర్థరు కాటను దొరగారి యాజమాన్యమున నచ్చట ఆనకట్టపని ప్రారంభమై 1852లో ముగిసెను. ఆనకట్టతోపాటు ఇంజనీర్ల కచ్చేరీలును, కార్ఖానాయును వెలసెను. ఓవర్సీయర్లు, గుమాస్తాలు, లెక్కలు వ్రాయువారు, కమ్మరులు, వడ్రంగులు ఆ యూరఁ జేరిరి. వేదశాస్త్రముల కొఱకుఁ గాక, లోకవ్యవహారము కొఱకుఁ జదువు గోరు జనము పెరిగిన యట్టి యూర నొక ఆంగ్లాంధ్రపాఠశాల యుండుట సహజము.

1848 ఏప్రిలు 16వ తేదిని రాజమహేంద్రవరమున జన్మించిన వీరేశలింగము పంతులుగారు, కోరంగి పాఠశాలలోఁ గొంతకాలము పనిచేసి, 1874లో ఈ ధవళేశ్వరపు బడికిఁ బ్రధానోపాధ్యాయులై వచ్చిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియాఱేండ్లు. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే బాలికలకుఁ బాఠశాలను స్థాపించిరి. అక్టోబరులో వివేకవర్ధని యను పత్రికను వెలువరించిరి.

పండితులు విచారింపవలసిన విషయ మిచ్చట నొకటి కలదు. ఈ యుపాధ్యాయుఁడు యౌవనమున శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించినవాఁడు. వచనము లేదు, సంస్కృతపదము లేదు, ఓష్ఠ్యము లేదు. పవర్గము నిషిద్ధమైనప్పుడు ప్రథమైకవచనపు మువర్ణకము సైతము వాడ వీలులేదు. ఆ నియమమున నలకథను నడపుట యెంత కష్టమో లక్షణ మెఱిఁగినవారికి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. చిన్నయసూరి 1853 నాఁటి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములతో విడిచిన పంచతంత్రమునకు విగ్రహసంధులను గూర్చి, ఆ ప్రౌఢశైలిని సైతము తాను నడపఁగల నని చూపినవారును వీరే. ఇట్టివారు సులభశైలికి దిగుట యశక్తిచేఁ గాదు. మఱి దేనిచేత?

సమాధానము ముద్రాలయమున దొరకును. వివేకవర్ధని మొదట చెన్నపురిలో, కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి సంజీవనీ ముద్రాలయమునఁ బ్రకటింపఁబడుచుండెను. గోదావరిమీఁది రైలువంతెన 1900 వఱకు లేదు. అట్టి కాలమున వ్రాఁతప్రతి దూరదేశమునకుఁ బోయి యచ్చై తిరిగివచ్చుటకుఁ బట్టు విలంబ మూహింపవచ్చును. దానికిఁ దోడు స్త్రీవిద్యను గూర్చి కొక్కొండవారికిని వీరికిని వివాదము పొసఁగెను. తన వాదమును ఖండించువారి యచ్చుకూటమునఁ దన పత్రికను నడపుట యెంతకాలము సాగును? పంతులుగారు రాజమహేంద్రవరమున సొంత ముద్రాలయమును నెలకొల్పుకొనిరి.

అది మొదలు వారు వర్తకులుగూడ నైరి. అక్షరములు, కాగితములు, పనివాండ్ర జీతములు, చందాల వసూలు, ఇవి యన్నియుఁ దలమీఁదఁ బడినవి. ప్రభువు మెచ్చినఁ గావ్యము నిలుచును. చందాదారుఁడు చదువనిదే పత్రిక నిలువదు. ఆ చందాదారుఁడు ధవళేశ్వరపు గుమాస్తావంటివాఁడు. సమాసమును విఱిచి యర్థము చెప్పుటకుఁ బండితుఁడు పక్కన లేనివాఁడు. అతని కొఱకుఁ బంతులుగారు దీర్ఘసమాసములను విడిచిరి, అన్వయక్లేశమును బాపిరి, వ్యాకరణమును మాత్రము విడువలేదు. సంగ్రహవ్యాకరణమును వ్రాసి విద్యార్థుల కందిచ్చిన వారికి వ్యాకరణద్వేషమును గట్టుట న్యాయము గాదు. 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి 1880లో గ్రంథరూపము దాల్చిన రాజశేఖరచరిత్ర మీ శైలికి ఫలము. 1887లో హచిన్సను దొర దాని నింగ్లీషున కనువదించెను.

పౌరజీవితమునను బడియు నచ్చుకూటమును వేఱుగా లేవు. లంచములు గొను నుద్యోగులను, న్యాయస్థానములందలి యక్రమములను వివేకవర్ధని బయలుపెట్టెను. వకీళ్ల నడతను హేళనచేయు వ్యవహారధర్మబోధినిని 1880లో వారి విద్యార్థులే ప్రదర్శించిరి. గురువు వ్రాసినది శిష్యు లాడిరి, ఊరు చూచెను. 1881 డిసెంబరు 11వ తేదిని మొదటి వితంతువివాహము జరిగినప్పుడు విద్యార్థులు పంతులుగారి పక్షమున నిలిచిరి. పాఠశాలయే వారి సైన్యము. పత్రికయే వారి సభ. 1890లో రాజమహేంద్రవరమునఁ బురమందిరమును గట్టించి, ఆ సభ కొక గృహమును సైతము కల్పించిరి.

ఇఁక కవిచరిత్రము. ఆంధ్రకవులచరిత్రమునకు ముందు గురజాడ శ్రీరామమూర్తిగారి కవిజీవితములు కలవు. అందు లోకమునఁ జెప్పుకొను కథలకుఁ జోటు పెద్దది. పంతులుగా రవతారికలను బోల్చిరి. కృతిపతుల కాలమునుబట్టి కృతికర్తల కాలమును వెదకిరి. లక్షణగ్రంథములందలి యుదాహరణములను బరిశీలించిరి. శాసనములు దొరకినచోఁ జూచిరి. ఇది పత్రికాధిపతి సాక్ష్యమును విచారించు పద్ధతి. లంచగొండిని బయలుపెట్టుటకుఁ బ్రమాణ మెంత యవశ్యకమో, కవికాలమును నిర్ణయించుటకును నంతే. విన్నది చాలదు, నిలువవలె నను నభ్యాసము వారికిఁ బత్రికవలననే యలవడిన దని నా నమ్మకము.

ఆ గ్రంథమునఁ గాలనిర్ణయములు కొన్ని తప్పినవి గదా యందురు. నిజమే. అనంతరము వెలువడిన శాసనములచేఁ బరిశోధకులు పలువిషయములను సవరించిరి. పంతులుగారు తామును దరువాతికూర్పున సవరించుకొనిరి. కాని సవరించుటకుఁ దగిన గ్రంథ మొకటి యుండుటయే మొదటి లాభము. తాళపత్రప్రతి యొక యింటఁ బడియుండి, ఆ యింటివారితోపాటు నశించును. అచ్చయిన కవిచరిత్రము తప్పులతోడనైనను బదియూళ్ల బడిపంతుల చేతులఁ బడి, వారిచేతనే దిద్దఁబడును.

వారి పత్రిక కలహములకును దావిచ్చిన మాట సత్యము. కొక్కొండవారి హాస్యవర్ధనికిఁ బ్రతిగా వెలసిన హాస్యసంజీవనిలోఁ బరిహాసము కొన్నియెడల మేరమీఱె ననువారు కలరు. అయిన నా తగవులవలనఁ దెలుఁగు వచనము పదునెక్కిన దని గూడ నొప్పుకొనవలెను. జీవితాంతమున 1919లో వర్తమానవ్యావహారికాంధ్రభాషా ప్రవర్తకసమాజమునకు వారే యధ్యక్షులైరి. ఆ మే 27వ తేదిని పరమపదించిరి. నిరోష్ఠ్యకావ్యముతో నారంభించి వ్యావహారికసమాజముతో ముగిసిన యీ జీవితమును జూచి, వారు మాటమార్చి రని కొందఱందురు. ధవళేశ్వరమున బడిబల్లముందుఁ గూర్చున్న బాలికను, ఆనకట్టకచ్చేరి గుమాస్తాను దృష్టియం దుంచుకొన్నచో మార్గ మొక్కటియే యని తెలియును: చదువువానికి దగ్గఱగాఁ బోవుట.

సంపాదించిన యాస్తిని 1906లో స్థాపించిన హితకారిణీ సమాజమునకు వారు ధారవోసిరి. వర్తకమున వచ్చినది విద్యకే చేరెను. మన వంతు పని యొకటి యున్నది. కవుల తాటాకులను వెదకినవారి పత్రికల తొలిసంచికలు మన యిండ్ల యటుకలమీఁద నుండిన, వానిని దింపి, పుటలు లెక్కించి, గ్రంథాలయములకుఁ జేర్పవలెను. ఆ కాగితము తాటాకుకంటె దుర్బలము, ఆలస్యము చేయరాదు.