కొలిమి చదివిన కన్ను

ఉక్కు పోతకు సిద్ధమైనదో లేదో కంట జూచి చెప్పుట జంషెడ్‌పురమున నొకప్పుడు గొప్ప విద్య. 1911 డిసెంబరులో అక్కడి సాక్చి కొలిమినుండి తొలి యినుమును, 1912 ఫిబ్రవరిలో తొలి యుక్కును వెలువడిన నాటికి, కరగిన ఉక్కులో ముంచి వేడిమి నమ్మకముగా కొలువదగిన సాధనము లేకుండెను. ఆ పని కన్నే చేయవలసి వచ్చెను.

మొదట అమెరికా, జర్మనీ, ఇంగ్లండులనుండి వచ్చిన పనివారు ఆ విద్య నెరిగినవారు. వారి ప్రక్క నిలిచి మనవారు నేర్చిరి. బెంగాల్ నాగపూర్ రైలుదారి వెంట ఉత్తరాంధ్రనుండి తరలివచ్చిన తెలుగువారును ఆ ఊరి శ్రామికజనములో కలసిరి. అగ్రికో పేట ప్రక్కనున్న భాలుబాసా, అట్లు ఉక్కు కర్మాగారమును కనిపెట్టుకొని పెరిగిన బస్తీలలో నొకటి.

ఆనాడు కొలిమి తలుపుసందున, నీలిగాజు కంటి కడ్డముగా బట్టి, పనివాడు లోపలి మరుగును చూచును. పొడుగుకాడ గరిటెతో రవంత ద్రవము దీసి చిన్న అచ్చులో బోసి, చల్లార్చి, సుత్తితో విరుగగొట్టును. కర్బన మెక్కువైనచో ముక్క పెళుసుగా తటాలున విరుగును, తక్కువైనచో విరుగకముందే వంగును. విరిగిన ముఖముమీది రవ్వల పొంకమును చూచి కర్బనపు పాలెంతయో చెప్పును. గాలి నూదు బెస్సెమర్ కొలిమియందు పరీక్ష మరింత కఠినము: పావుగంట, ఇరువది నిమిషములలో మంట తెల్లగా నెగసి, కర్బనము తీరగానే కుంగును, ఆ క్షణము తప్పినచో లోహము చెడును. 1863 ప్రాంతమున రాస్కో యను రసాయనజ్ఞుడు ఆ మంటను వర్ణపటయంత్రముతో పరిశీలించెను గాని, పలుతావుల పనివారు తమ కంటినే నమ్మిరి. వారిని తప్పుపట్టుటకు నాకు మనసు రాదు.

ఏలయన, కన్ను చేయునది వెలుగును పట్టుట మాత్రమే; గుర్తించునది మెదడు. 1959లో హ్యూబెల్, వీజెల్ పండితులు పిల్లి మెదడు వెనుకభాగమున కొన్ని కణములు ఒక్కొక్క వాలుగల గీతకే స్పందించునని కనిపెట్టిరి. అట్టి ముక్కలనుండి, ప్రక్కభాగపు అడుగుననున్న ప్రాంతములలో పూర్ణరూపము కూడును. ఛాయాచిత్రమున జంతువున్నదో లేదో సెకనులో ఆరవవంతుకంటె తక్కువ కాలముననే మెదడు తేల్చుకొనునని 1996లో థార్ప్ బృందము చూపినది. ముఖములను చూచునపుడు మేల్కొను ప్రాంతము, పక్షులను లేక కార్లను ఏండ్లతరబడి పరిశీలించినవారిలో వానిని చూచినపుడును మేల్కొనునని గోతియే బృందము 2000లో ప్రకటించినది. దీని భావముపై విద్వాంసుల వాద మింకను తీరలేదు. కొలిమిముందు కొత్తవానికి అంతయు నొకే తెల్లని ధగధగ. పాతవానికి అందులో తెలిసిన ముఖము. 'అయినది' అనగలడే గాని, ఎట్లయినదో చెప్పలేడు. మాట కంటె గుర్తింపు ముందు ముగియును. 1921లో ఆ ఊర వెలసిన టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ రసాయనశాస్త్రము నేర్పగలిగినను, ఈ పాఠమునకు కొలిమిముందు నిలుచుటయే మార్గముగ నుండెను.

ఆక్సిజను నూదు ఎల్.డి. కొలిమి 1983లో ఆ కర్మాగారమునకు వచ్చెను. తలుపుసందున చూచిన పాత కొలిమిలో గంటలతరబడి సాగిన వంట ఇంచుమించు ఇరువది నిమిషముల ఊదుడైనది. గరిటెముక్కను విరిచి చూచు తీరిక పోయినది. ఉష్ణమాపకమే ద్రవములో మునుగును, నమూనా ప్రయోగశాలకు పోవును, అంకెలు తెరమీదికి వచ్చును. కన్ను పొరబడినచో చెడునది ఒక కొలిమెడు ఉక్కు గనుక, ఆ మార్పును ఆనాటి పనివారే ముందుగా కోరియుందురని నా ఊహ.