అమ్మవారును టీకాయును

పాచిపెంట సాలూరునకు చేరువను, తూర్పుకనుమల పాదమున నున్న పూర్వపు జమీందారీ గ్రామము. 2022 ఏప్రిలు నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. ఇచ్చటి కొండలలో జాతాపులు, కొండదొరలు, గదబలు వసింతురు. ఒడలిపై పొక్కులు పొడసూపినచో తరతరములుగా ఈ ప్రాంతమున మొదట పిలువబడువాడు దిసారియో ఎజ్జోడో కాని వైద్యుడు కాడు. దీనిని మౌఢ్యమని తీసివేయుట సులభము. ఆ నమ్మకము ఇంటిలో నెట్లు పాదుకొనెనో తెలిసికొనుట కష్టము. అయినను అదియే మనకు ప్రయోజనకరము.

విజయనగరపు పైడితల్లి చరిత్రము చూడుడు. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధకాలమున విజయరామరాజుగారి చెల్లెలు మశూచిచే బాధపడుచుండెననియు, అన్న మరణవార్త విని తనువు చాలించి గ్రామదేవతయై వెలసెననియు ఐతిహ్యము. మన ప్రాంతమున అమ్మవారు ఎక్కడనో యున్న దేవత కాదు, ఇంటి ఆడపడుచు. ఆమె వచ్చినప్పుడు మందు వేయుట, వచ్చిన ఆడపడుచును గెంటివేయుటయే యని ముసలమ్మలు భయపడిరి. అందుచే గుమ్మమునకు వేపమండలు కట్టిరి, పోపు మానిరి, పరులను లోనికి రానీయరైరి. ఈ కడపటి నియమము రోగవ్యాప్తిని కొంత నరికట్టినదనుటలో సందేహము లేదు.

మన శాస్త్రములు మొదటినుండియు దీనిని దేవతాకార్యమని చెప్పలేదు. మాధవనిదానమున మసూరిక దోషప్రకోపముచే కలుగు వ్యాధిగా వర్ణింపబడినది. 16వ శతాబ్దపు భావప్రకాశమున చికిత్సతోబాటు శీతలాస్తోత్రమును చేరినది. వంగదేశపు టీకాదారులు శీతలను పూజించియే మశూచిరసము నంటించెడివారు. భక్తియు చికిత్సయు ఒక్కచేతిలో నుండుట మనకు క్రొత్త గాదు.

జెన్నరు 1796లో గోమశూచి టీకాను పరీక్షించెను. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్టాల్ అను మూడేండ్ల బాలికకు మన దేశమున మొదటిసారి అది ఫలించినది. అటుపిమ్మట ఇంటింట పోరు పుట్టినది. చదివిన కొడుకు బిడ్డకు టీకా వేయింపుమనును. అత్తగారు అమ్మవారికి కోపము వచ్చుననును. కోడలు ఇరువురి నడుమ నలుగును.

ఈ పోరులో అత్తగారి పక్షమునను కొంత న్యాయము కలదు. తొలినాళ్లలో ఒక బిడ్డ చేతి పొక్కునుండి రసము తీసి మరియొక బిడ్డకు వేసెడివారు. అందువలన అన్యరోగములును అంటుట కలదు. తరువాత దూడలనుండి లసిక తీసిరి. మదరాసు గిండీయందు కింగు సంస్థ యిందులకే వెలసెను. కాని ద్రవరూపమగు లసిక మన యెండలకు నిర్వీర్యమగును. కొండదారుల మోసికొనిపోవునప్పటి మాట చెప్పనేల? టీకా వేయించుకొన్న బిడ్డకును అమ్మవారు పోసినచో, ఆ యింట కొడుకు మాట మరి చెల్లునా? 1950వ దశకమున లిస్టరు సంస్థయందు కోలియరు ఎండకు చెడని పొడిమందును సిద్ధపరచిన తరువాతనే ఆ వాదము బలహీనపడెను. 1975 మే నెలలో మన దేశపు కడపటి రోగి కనబడెను. 1980 మే 8వ తేదీన లోకము మశూచి నుండి విముక్తమైనదని ప్రకటింపబడెను.

మశూచి పోయినది, పైడితల్లి సిరిమాను నేటికిని ఊరేగుచున్నది. వ్యాధి నశించిన మాత్రమున దేవత నశింపలేదు. ఈ సంగతి నాడు ఆ అత్తగారికి తెలిసియున్నచో ఎందరు బిడ్డలు బ్రదికియుందురో కదా!

నేడును జ్వరమునకో, పాముకాటునకో, ప్రసవమునకో ఇట్టి తగవులు ఇండ్లలో పుట్టుచునే యున్నవి. తగవు తీరులోపల రోగి ప్రాణము పోవుచున్నది. దారి లేని గూడెములలో డోలీ మోయు బంధువుల భుజములే వాహనము. అచ్చట ఆలస్యమునకు నమ్మక మొక్కటే కారణమనుట అన్యాయము. కావున విద్యావంతులకు మా మనవి యిది: దిసారిని పరిహసింపకుడు, ముసలమ్మతో వాదింపకుడు. మ్రొక్కు మ్రొక్కనిండు; కాని మ్రొక్కు తీరువరకు వేచియుండక డోలీ నెత్తుడు. అమ్మ నిజముగా ఇంటి ఆడపడుచేయైనచో, తన మేనల్లుడు బ్రదికినందులకు కోపగించుకొనునా?