చావు, సాక్ష్యం, దరఖాస్తు

బొగ్గుగనుల మీద వచ్చిన మన సాహిత్యంలో చావుకు కొదవలేదు. పైకప్పు కూలడం, నీళ్లు ముంచెత్తడం, బాయి మొగదల ఆడవాళ్లు గుమిగూడడం, తెల్లగుడ్డ కప్పిన శవం ఆసుపత్రి గేటు దాటడం - ఇవన్నీ మన కథల్లో, పాటల్లో ఉన్నాయి. కాని శవం ఇంటికి చేరిన తరువాత మొదలయ్యే రెండో కథ చాలా తక్కువగా కనబడుతుంది. అది కాగితాల కథ. ఒక మనిషి ప్రాణానికి యజమాని బాధ్యుడా కాదా, అయితే ఎంతకు బాధ్యుడు అన్న ప్రశ్నకు సమాధానం ఆ కాగితాల్లోనే తేలుతుంది. ఆ కాగితానికి కూడా ఒక చరిత్ర ఉంది. అది తెలియక నేనొకసారి పొరపాటు చేశాను. అక్కడినుంచే మొదలుపెడతాను.

రామకృష్ణాపూర్‌లో నేనున్న రోజుల్లో ఒక సాయంత్రం ఒకామె మా ఇంటికి వచ్చింది. చంకలో పిల్ల, కొంగున ముడేసిన కాగితం. భర్త ఒక కాంట్రాక్టరు దగ్గర కూలికి పనిచేస్తూ చనిపోయి నెలన్నర అయింది. "సారూ, మీరు కథలు మంచిగ రాస్తరంట. నాకో దరఖాస్తు రాసియ్యుండ్రి" అంది. ఆ రాత్రి కూర్చుని మూడు పేజీలు రాశాను. ఆమె దుఃఖాన్ని రాశాను, పిల్ల ఆకలిని రాశాను, శ్రమదోపిడీని రాశాను. మర్నాడు యూనియన్‌లో ఇలాంటి కేసులు చూసే ఒక పెద్దమనిషికి చూపించాను. ఆయన చాయ్ పక్కనపెట్టి చివరిదాకా చదివాడు. "బాగుంది సార్. కని ఇండ్ల ఆయన జీతమెంతనో లేదు. వయసు లేదు. ఏ షిఫ్టు, ఎవరు పనిల పెట్టిన్రు - అది లేదు. ఇది చదివి కమిషనర్ ఏడిస్తే ఏడుస్తడు గని, ఆర్డర్ రాయలేడు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. జీతం, వయసు, షిఫ్టు, పనిలో పెట్టినవాడు - ఈ నాలుగూ ఎక్కడినుంచి వచ్చాయి? చట్టం దుఃఖాన్ని ఎందుకు అడగదు, జీతాన్నే ఎందుకు అడుగుతుంది?

దీనికి జవాబు ఇంగ్లండు కోర్టుల్లో మొదలవుతుంది. అక్కడి పాత న్యాయం ప్రకారం కాలు విరిగినవాడు దావా వేయవచ్చు. ప్రాణం పోతే ఆ మనిషి వాళ్లు దావా వేయడానికి లేదు. గుర్రపుబండి ప్రమాదంలో భార్యను పోగొట్టుకున్న ఒక భర్త వేసిన దావాలో 1808లో లార్డ్ ఎలెన్‌బరో ఈ సూత్రాన్నే చెప్పాడు. అంటే మనిషిని గాయపరచడం కంటే చంపడం చవక. దీనికి తోడు 1837లో మరో సూత్రం వచ్చింది: తోటి పనివాడి తప్పువల్ల పనివాడికి హాని జరిగితే యజమానికి బాధ్యత లేదు. పనిలో చేరినప్పుడే ఆ ప్రమాదానికి కార్మికుడు ఒప్పుకున్నట్టు లెక్క! ఫ్యాక్టరీలో, గనిలో తోటి పనివాడు లేని పని ఏముంది? పారిశ్రామిక పెట్టుబడికి కోర్టులు కట్టిన కోటగోడ ఇది.

రైళ్లు వచ్చాక ఈ గోడకు బీట పడింది. మనిషిని చంపిన వస్తువును, లేదా దాని విలువను, రాజుకు జప్తు చేసే ఒక పాత ఆచారం ఉండేది. ప్రమాద విచారణలు జరిపే జ్యూరీలు రైలింజన్ల మీద ఆ పేరుతో పెద్దమొత్తాలు వేయడం మొదలుపెట్టారు. 1846లో పార్లమెంటు రెండు పనులు చేసింది: ఆ జప్తును రద్దుచేసింది, చనిపోయినవారి కుటుంబానికి దావా హక్కు ఇచ్చింది. తొమ్మిదేళ్ల తరువాత, 1855లో, అదే నమూనాలో ఇండియాలో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు - వీరి కోసం దావా వేయవచ్చు. కాని యజమాని తప్పును రుజువు చేయవలసిన భారం కుటుంబం మీదే. సివిల్ కోర్టు, స్టాంపు రుసుం, వకీలు ఫీజు. బాయి లోపల ఏం జరిగిందో భూమ్మీద ఉన్న భార్య రుజువు చేయాలి! హక్కు ఉంది; దాన్ని అందుకునే చెయ్యి లేదు.

ఆ చెయ్యి కొంతమేరకు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంతో వచ్చింది. 1924 జులై 1 నుంచి అది అమలయింది. ఇందులోని ముఖ్యమైన మలుపును మనం గుర్తించాలి. యజమాని తప్పు చేశాడా అన్న ప్రశ్న పక్కకు పోయింది. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందా అన్నదే ప్రశ్న. అయితే దయ ఎంత? చనిపోయిన వయోజనుడికి ముప్పై నెలల జీతం లేదా 2,500 రూపాయలు - ఏది తక్కువైతే అది. చనిపోయింది మైనరైతే 200 రూపాయలు. దుఃఖం స్థానంలో జీతం ఎందుకు వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. చట్టం దృష్టిలో పోయింది మనిషి కాదు, సంపాదన.

ఈ చట్టం బ్రిటిష్ ఇండియాది. మన బొగ్గు నిజాం రాజ్యంలోది. ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అధికభాగం వాటాలు కొన్నది. బ్రిటిష్ ఇండియా చట్టం ఈ నేలమీద దానంతటదే నడిచేది కాదు. సంస్థానం పోయిన తరువాతనే దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. గోదావరికి ఆవలా ఈవలా బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, గోదావరిఖని బొగ్గు పట్టణాలుగా ఎదిగాయి.

చట్టం వచ్చినంత మాత్రాన దాని అర్థం కార్మికుడి పక్షాన నిలవలేదు. "పని కారణంగా" అన్న రెండు మాటల మీద ఎంత యుద్ధం జరిగిందో రచయితలు చదవవలసిన విషయం. సౌరాష్ట్రలో ఉప్పు కార్ఖానా కార్మికులు పని ముగించుకుని ఇంటికి పోతూ పడవ మునిగి చనిపోయారు. వాళ్లు అప్పటికే పనిస్థలపు హద్దు దాటారని 1958లో సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. ఓడమీద రాత్రిపూట కనబడకుండా పోయిన ఒక నావికుడి కేసులో, చావుకూ పనికీ సంబంధం రుజువు కాలేదని 1969లో అదే కోర్టు కుటుంబాన్ని ఖాళీ చేతులతో పంపింది. మరోపక్క, ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పరిహారం చెల్లించే బాధ్యత ప్రమాదం జరిగిననాడే పుడుతుందని, తీర్పు వచ్చిననాడు కాదని చెప్పింది. ఆ ఒక్క వాక్యం ఎందరో విధవలకు వడ్డీ రూపంలో అన్నం పెట్టింది. మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది వర్గ ప్రశ్నే.

మళ్లీ మా ఊరి ఆమె దగ్గరికి వద్దాం. ఆమె కొంగున ముడేసుకున్నది కాంట్రాక్టరు రాయించుకున్న కాగితం నకలు. కొంత డబ్బు ముట్టిందని, ఇక ఏ హక్కూ లేదని కింద వేలిముద్ర. "పైసలు చేతుల పెట్టిండ్రు, వేలెయ్యమన్నరు, ఏసిన" అంది. దానితో ఆమె కథ అయిపోయిందని నేననుకున్నాను. యూనియన్ మనిషి నవ్వాడు. చావు కేసులో పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాలి తప్ప చేతికిస్తే చెల్లదని 8వ సెక్షన్ చెప్పింది. హక్కు వదులుకునే ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ చెప్పింది. కాంట్రాక్టరు కింద పనిచేసినా, ఆ పని అసలు యజమాని వ్యాపారంలో భాగమైతే ఆయన్నే అడగవచ్చని 12వ సెక్షన్ చెప్పింది. వకీలు లేకపోయినా రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కమిషనర్ ముందు నిలబడవచ్చని 24వ సెక్షన్ ఒప్పుకుంది. ఇవేవీ ఎవరో దయతో రాసినవి కావు. వేలిముద్రల మోసం ఎంత విస్తారంగా జరగకపోతే చట్టం దాన్ని పేరుపెట్టి నిషేధిస్తుంది?

వయసు ఎందుకన్నది కూడా అప్పుడే తెలిసింది. 1984 సవరణతో పరిహారాన్ని వయసు గుణకంతో లెక్కకట్టడం వచ్చింది. 2020 జనవరి నుంచి ఆ లెక్కకు నెలజీతపు పరిమితి 15,000 రూపాయలు. చావు కేసులో అందులో సగం, అంటే 7,500. ముప్పై ఏళ్లవాడి గుణకం 207.98, అతని కుటుంబానికి 15,59,850 రూపాయలు. నలభై ఏళ్లవాడి గుణకం 184.17, 13,81,275 రూపాయలు. రికార్డులో గుమస్తా పదేళ్లు ఎక్కువ వేస్తే కుటుంబం 1,78,575 రూపాయలు పోగొట్టుకుంటుంది. పుట్టినతేదీ తెలియని ఇళ్లలో ఇది చిన్నమాట కాదు. 2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. చట్టం పేరు మారినా, జీతానికీ వయసుకూ రుజువు చూపవలసిన బాధ ఇంటివాళ్లదే.

న్యాయసహాయం కూడా హక్కుగా రావడానికి చాలా కాలం పట్టింది. రాజ్యాంగంలో 39-ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణతో చేరింది. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987లో చేసి, 1995 నవంబరు 9న అమల్లోకి తెచ్చారు. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, దళితులు, ఆదివాసులు, పారిశ్రామిక కార్మికులు, పారిశ్రామిక విపత్తు బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. గని ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ఒకటి కాదు, రెండు మూడు తలుపులు తెరిచే ఉన్నాయి. అదే 1995లో నష్టపరిహార చట్టానికి జరిగిన సవరణ, తానుండే చోటనే దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. కాని తలుపు ఉందని చెప్పేవాడేడి?

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. 2021 నవంబరులో శ్రీరాంపూర్ ఎస్ఆర్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. పర్మనెంటు కార్మికుడి చావుకు కనీసం మస్టరు ఉంటుంది, యూనియన్ ఉంటుంది, వారసుడి ఉద్యోగం గురించి వేతన ఒప్పందంలో ఒక మాట ఉంటుంది. 2020 జూన్‌లో రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగి చనిపోయిన నలుగురూ కాంట్రాక్టు కార్మికులు. ఒకే నేల, ఒకే బొగ్గు. చావుకు మాత్రం రెండు విలువలు. ఈనాటి గని కథ ఈ తేడా దగ్గరే మొదలు కావాలని నా అభిప్రాయం.

ఆమె కేసులో మస్టరు లేదు, జీతం చీటీ లేదు. కిరాణా కొట్టు ఉద్దెర పుస్తకంలో, కూలి పడ్డ రోజుల్లో తీర్చిన బాకీలున్నాయి. తోటి కూలీలు సాక్ష్యానికి భయపడ్డారు. చెబితే రేపు పని ఉండదు. చివరికి ఆ పని మానేసి ఊరికి పోయిన ఒకాయన వచ్చి నాలుగు వాక్యాలు చెప్పాడు. ఆరోజు మేమిద్దరం ఒకే షిఫ్టు, రోజుకూలి ఇంత, పనిలో పెట్టింది ఫలానా, నా కళ్లముందే పడ్డాడు. మూడేళ్లకు ఆమెకు డబ్బు వచ్చింది. నేను రాసిన మూడు పేజీలు చేయలేని పని ఆ నాలుగు వాక్యాలు చేశాయి.

దీన్నిబట్టి సాహిత్యం పనికిరాదని నేననడం లేదు. ఆ నాలుగు వాక్యాలు చెప్పడానికి ఆయనకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో కమిషనర్ ఫైలులో ఉండదు. రానివాళ్లు ఎందుకు రాలేదో కూడా ఉండదు. అది రాయవలసింది మనం. అయితే అందుకు ముందు ఆ ఫైలును చదవడం మనం నేర్చుకోవాలి. డబ్బు వచ్చిననాడు ఆమె మా ఇంటికి వచ్చి, "సారూ, మీరు రాసింది కూడ దాచుకున్న. పిల్ల పెద్దగైనంక సదువుకుంటది" అంది. దరఖాస్తుగా చెల్లని కాగితం ఆ పిల్లకు తండ్రి గురించి ఏం చెబుతుందో నాకు తెలియదు. అందులో తండ్రి వయసూ జీతమూ లేవన్న బాధ మాత్రం నాకింకా ఉంది.