కుందేలు ఉన్న ఇంట్లో వాసన లేకుండా: తల్లిదండ్రులకు, పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

 

మన బడి పిల్లల్లో కొందరి ఇళ్లల్లో కుందేళ్లు ఉన్నాయి. మన పెద్దవాళ్లు చెవులపిల్లి అంటారే, అదే. క్రాఫర్డ్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు పిల్లలు మారాం చేస్తే కొని తెచ్చినవాళ్లున్నారు, చుట్టాలిస్తే తెచ్చుకున్నవాళ్లున్నారు. అది మొరగదు, గడ్డి తిని ఓ మూల కూచుంటుంది, చిన్న గదిలోనైనా సర్దుకుంటుంది అనుకుంటాం. నెల తిరిగేసరికి వాసన మొదలవుతుంది. నాయ్‌గావ్ బి.డి.డి. చాళ్లలో గది అంటే 160 చదరపు అడుగులు. వంట, పడక, చదువు, దేవుడి గూడు, కుందేలు పంజరం అన్నీ అందులోనే. కామాఠీపురా ఖోలీల్లోనూ ఇంతే ఇరుకు. వాసన గుమ్మం దాటి గ్యాలరీలోకి పోతుంది, పక్కింటివాళ్లు ఒక మాట అంటారు.

అప్పుడు రెండు పనులు చేస్తుంటారు. ఒకటి, ఫినాయిల్, స్ప్రే, అగరబత్తి ఎక్కువెక్కువ వాడటం. రెండు, ఇక మనవల్ల కాదని కుందేలును ఏ తోటలోనో వదిలేయడం. రెండూ దాని ప్రాణం మీదికి తెచ్చేవే. ఇంట్లో పెరిగిన కుందేలు కాకుల నుంచి, పిల్లుల నుంచి, కుక్కల నుంచి తప్పించుకోలేదు. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. అందుకే చెబుతున్నాను: వాసనను కప్పవద్దు, పుట్టిన చోటే తీసేయండి. అది కష్టమేమీ కాదు, ఖర్చూ తక్కువే.

వాసన ఎక్కడ పుడుతుంది?

ఆరోగ్యంగా ఉన్న కుందేలుకు ఒంటి వాసన దాదాపు ఉండదు. పిల్లిలాగే తన ఒళ్లు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. దాని పెంటికలు గుండ్రంగా, ఎండుగా ఉంటాయి, వాటికీ పెద్దగా వాసన లేదు. అసలు వాసన మూత్రానిది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా వాయువు పుడుతుంది. సైన్స్ ల్యాబులో అమ్మోనియా సీసా మూత తీస్తే కళ్లు మండుతాయని పెద్ద తరగతుల పిల్లలకు తెలుసు. ఇదీ అదే. వేడి, తేమ ఉంటే ఇంకా తొందరగా పుడుతుంది. మన ముంబైలో ఆ రెండింటికీ కొదవ లేదు.

కుందేలు మనలాగా నోటితో గాలి పీల్చదు, ముక్కుతోనే పీలుస్తుంది. పైగా వాసన పుట్టే చోటు దాని ముక్కుకు జానెడు దూరంలోనే ఉంటుంది. గుమ్మం దగ్గర మనకు కొద్దిగా వాసన తగిలిందంటే, పంజరంలో దానికి ఎంత తగులుతుందో ఆలోచించండి. అమ్మోనియా దాని ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ తర్వాత తుమ్ములు, చీమిడి, ఊపిరితిత్తుల జబ్బు వస్తాయి. అదే గదిలో నిద్రపోయే మన పిల్లల్లో ఆయాసం ఉన్నవాళ్లకూ ఆ గాలి మంచిది కాదు.

మనం వాడే వస్తువుల్లో ఏది ప్రమాదం?

ఫినాయిల్: తెల్లదైనా నల్లదైనా పంజరం దగ్గర వద్దు. నేల మీద మిగిలిన తడి కుందేలు కాళ్లకు అంటుకుంటుంది, అది కాళ్లు నాక్కుంటుంది. గది తుడవాల్సి వస్తే మామూలు సబ్బు నీళ్లు చాలు.

కలరా ఉండలు, అంటే మనం ఇక్కడ డాంబర్ గోళీలు అనేవి: మోరీలో, బట్టల పెట్టెలో, పంజరం కింద వేస్తుంటారు. వీటి ఆవిరే మంచిది కాదు. కొరికితే విషం. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి మింగింది బయటికి రాదు. చిన్నపిల్లలు కూడా బిళ్లలనుకుని నోట్లో పెట్టుకుంటారు. కర్పూరమూ ఇలాంటిదే, అందకుండా డబ్బాలో పెట్టండి.

అగరబత్తి, సాంబ్రాణి: పూజ మానమని నేను అనడం లేదు. పొగ వేసేటప్పుడు పంజరాన్ని గ్యాలరీలో పెట్టి, ఒకరు పక్కన కాపలా ఉండి, పొగ పూర్తిగా పోయాక లోపలికి తెచ్చుకోండి.

రూమ్ స్ప్రేలు, నీలగిరి తైలం, సువాసన నూనెలు: మూసిన గదిలో అసలే వద్దు. కుందేలు మీద అత్తరు, పౌడరు చల్లడం కూడా వద్దు.

దోమల చుట్ట: పంజరం పక్కన వెలిగించకండి. దాని బదులు పంజరం మీద దోమతెర కప్పండి. ఈగలు కూడా రావు.

బ్లీచింగ్ పౌడరు, బ్లీచ్ ద్రవం: ఇది తల్లులు తప్పకుండా గుర్తుంచుకోవాలి. మూత్రం ఉన్న చోట బ్లీచ్ పోస్తే అమ్మోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ యాసిడ్ గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న మోరీలో ఇది మనిషికే ప్రమాదం.

మరి ఏం చెయ్యాలి?

కుందేలు సాధారణంగా ఒకే మూలలో మూత్రం పోస్తుంది. రెండు రోజులు గమనించండి, ఆ మూలలోనే ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ట్రేలో రద్దీ పేపరు నాలుగైదు పొరలు పరిచి, పైన ఎండుగడ్డి వెయ్యండి. తినే గడ్డిని ట్రే పక్కనే పెట్టండి. కుందేలుకు తింటూనే పెంటికలు వేసే అలవాటు, కాబట్టి ట్రే వాడటం తొందరగా నేర్చుకుంటుంది. వడ్రంగి దుకాణం నుంచి తెచ్చిన రంపపు పొట్టు వాడకండి. ఆ ధూళి ముక్కులోకి పోతుంది, దేవదారు జాతి కలప వాసన కాలేయానికి మంచిది కాదు. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి కూడా వద్దు. తింటే కడుపులో ఉబ్బుతుంది.

రోజూ: తడిసిన పేపరు తీసేసి కొత్తది వెయ్యాలి. తీసినదాన్ని సంచిలో గట్టిగా మూట కట్టి అప్పుడే చెత్తబుట్టలో వెయ్యండి, గ్యాలరీలో ఉంచకండి.

రెండు మూడు రోజులకొకసారి: ట్రేను సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టాలి. రెండు ట్రేలు ఉంటే ఒకటి ఎండుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు.

వారానికొకసారి: ట్రే అడుగున సున్నంలా తెల్లటి పొర కడుతుంది. కుందేలు మూత్రంలో కాల్షియం ఎక్కువ, అందుకే అది. ఎంత రుద్దినా పోదు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పోసి, పావుగంట నానబెట్టి రుద్దితే వదిలిపోతుంది. తర్వాత నీళ్లతో బాగా కడగండి. పంజరానికి ఇనుప జాలీ అడుగు ఉంటే కాళ్లకు పుండ్లు పడతాయి, అందుకని పైన అట్ట గానీ చాప ముక్క గానీ వేసి, తడిస్తే మార్చండి.

రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయకండి. వాసన వస్తోందని కుందేలుకు స్నానం చేయించకండి. తడిసి, భయపడి, చలికి ప్రాణం పోవచ్చు. మూత్రం తగ్గుతుందని నీళ్లు తగ్గించకండి. మన ఉక్కపోతలో అది ఇంకా ప్రమాదం, కుందేలుకు చెమట పట్టదు.

తిండి సరిగా ఉంటే సగం వాసన తగ్గుతుంది

కుందేలు తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. బిస్కెట్లు, బ్రెడ్, చపాతీ, అన్నం పెడితే కడుపు చెడుతుంది. కుందేలు పెంటికలే కాక, ద్రాక్షగుత్తిలా మెత్తటివి కూడా వేస్తుంది. వాటిని తిరిగి తానే తినేస్తుంది. అది దాని సహజ గుణం, పిల్లలు అసహ్యించుకోవద్దు. తిండి చెడితే వాటిని తినకుండా వదిలేస్తుంది, అప్పుడు గబ్బు వాసన వస్తుంది. దాదర్ పూల బజారులో వినాయకుడి కోసం అమ్మే గరిక కుందేలుకు మంచి తిండే. బాగా కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. తడిగడ్డి పోగు వేస్తే పులిసి బూజు పడుతుంది.

మగ కుందేలు నాలుగైదు నెలల వయసుకు వచ్చాక గోడల మీద మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది. ఆ వాసన చాలా ఘాటు. సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆడ కుందేళ్లకు వయసు పెరిగాక గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది, ఆపరేషన్ దాన్నీ ఆపుతుంది. కుందేళ్లు చూసే అలవాటున్న డాక్టరు దగ్గరే చేయించండి. ఆపరేషన్‌కు ముందు దాన్ని పస్తు పెట్టకూడదు.

వానాకాలంలో

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏదీ ఆరదు, ఈగలు పెరుగుతాయి. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు అక్కడ గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులు పడి చర్మాన్ని తినేస్తాయి. అందుకని ఈ నెలల్లో ఉదయం, సాయంత్రం తోక కింద చూడండి. పేపరు కూడా రెండుసార్లు మార్చండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

శుభ్రం చేసినా దుర్వాసన పోకపోతే, ముక్కు కారుతుంటే, వెనక కాళ్లు ఎప్పుడూ తడిగా ఉంటే, పురుగులు కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు. పూటంతా ఏమీ తినకపోతే, పెంటికలు వేయకపోతే అదీ అత్యవసరమే, తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం ఎర్రగా కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. బీట్‌రూట్ లాంటి తిండి వల్ల కూడా రంగు మారుతుంది. రెండో రోజూ అలాగే ఉన్నా, పోయడానికి ఇబ్బంది పడుతున్నా చూపించండి. మనకు దాదర్ పక్క స్టేషనే పరేల్. 1886లో మొదలైన బొంబాయి పశువైద్య కళాశాల, బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ జంతువుల ఆసుపత్రి అక్కడే ఉన్నాయి.

పిల్లలకు ఒక మాట

రోజూ వాసనలో ఉండే ముక్కుకు వాసన తెలియదు. అందుకని బడి నుంచి ఇంటికి రాగానే, చెప్పులు విప్పేముందే, గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీల్చండి. తర్వాత పంజరం పక్కన కూచుని, కుందేలు ముక్కు ఎత్తులో ఇంకోసారి పీల్చండి. ఘాటుగా ఉందంటే అమ్మను పిలవకుండా పేపరు మీరే మార్చండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పది నిమిషాల పని. కుందేలు కావాలని అడిగింది మీరు, కాబట్టి ఆ పది నిమిషాలు మీవే.

కుందేలు ఇంకా కొనని తల్లిదండ్రులు ఈ పనులన్నీ రోజూ ఎవరు చేస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. బాగా చూసుకుంటే అది ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. ఇప్పటికే ఉండి, ఇక పెంచలేకపోతున్నవాళ్లు దాన్ని తోటలో వదలకండి. తరగతి టీచరుకు చెప్పండి, చూసుకోగల ఇంకో ఇల్లు వెతుకుదాం.

ప్రధానోపాధ్యాయులు